ఇంటిపేరు వెతుక్కుంటూ బందరు దాకా

పటమట

మనవాళ్లకో అలవాటుంది. కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చి చెప్పులు విప్పేలోపే రెండు ప్రశ్నలు అడిగేస్తాం. "మీదేవూరండీ? ఇంటిపేరేంటండీ?" మంచినీళ్లు ఆ తరవాతే. ముప్పై రెండేళ్లు జిల్లాపరిషత్ హైస్కూళ్లలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకీ జబ్బు ఇంకాస్త ఎక్కువ. అందుకే లిడియా మా పటమట ఇంట్లో అడుగుపెట్టి సూట్‌కేసు కింద పెట్టకముందే, మీ ఇంటిపేరేమిటని ఇంగ్లీషులో అడిగేశాను.

"సెప్టెంబర్," అంది.

నా ప్రశ్న ఆవిడకి అర్థం కాలేదనుకున్నాను. ఏ నెలలో పుట్టారని కాదండీ, ఇంటిపేరు, అని మళ్లీ అడిగాను, వెనక బెంచీకి వినపడేంత గట్టిగా. ఆవిడ పాస్‌పోర్టు తీసి చూపించింది. లిడియా సెప్టెంబర్ అని అచ్చేసి ఉంది. "అయితే మనం శ్రావణం వాళ్లమైతే బావుండేదోయ్," అని మావారు పేపరు వెనకనుంచి ఒక జోకు వేసి, ఆవిడ మొహం చూసి మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

లిడియాది కేప్‌టౌన్. దక్షిణాఫ్రికాలో కింది కొస. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి అక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. లిడియా అదే ఆసుపత్రిలో ఆ అమ్మాయికి సీనియరు, నిరుడు రిటైరైంది. "మేడమ్, ఆవిడకి మన బందరుతో పనుందట, మీరైతే తిప్పుతారు" అని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఎవరైనా నన్ను పొగిడి పని చెబితే కాదనలేను.

కాఫీ తాగాక లిడియా చెప్పింది. వాళ్ల పూర్వీకులు బానిసలు. ఓడల్లో తెచ్చి అమ్మితే, కొన్న యజమానులు వాళ్ల సొంత పేర్లు పక్కనపడేసి, చాలామందికి నెలల పేర్లు పెట్టారట. "మా వీధిలో ఫిబ్రవరి వాళ్లున్నారు, ఏప్రిల్ వాళ్లున్నారు. మా చెల్లెల్ని అక్టోబర్ వాళ్లింటికి ఇచ్చాం," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తరవాత ఒక కాగితం మడత విప్పింది. అక్కడి పాత దస్తావేజుల్లోంచి తీయించుకున్న నకలు. ఎవరో డచ్చి యజమాని ఇంట్లోని సామానుల జాబితా. గుర్రం, రెండు పీపాలు, ఒక మంచం, వాటి కింద ఒక మనిషి. "రోసా, మసూలిపట్నం." అంటే మన మచిలీపట్నం. మన బందరు! లిడియా వాళ్లమ్మ తరఫు మూలపుటమ్మ ఈవిడే. మూడు వందల ఏళ్లకు పైమాట.

బానిసత్వం రద్దయిన రోజని డిసెంబరు ఒకటిన వాళ్ల పేటలో అందరూ నడుస్తారట. ప్రతి కుటుంబం తమ మూలపుటమ్మ పేరు, ఊరు రాసిన గుడ్డ పట్టుకుని నడుస్తుంది. లిడియా వాళ్లమ్మ మాత్రం ఏటా ఖాళీ గుడ్డ పట్టుకునే నడుస్తుంది. రోసా అన్నది కొన్నవాడు పెట్టిన పేరు, అది నేను మోయను, అంటుందట ఆ పెద్దావిడ. ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అయిపోయాయి. ఈసారే ఆఖరి నడక, పేరుతో నడుస్తాను, ఊరికి వెళ్లి తీసుకురా అని కూతుర్ని పంపించింది.

"ఆరు రోజులే ఉంటాను సుశీలా. ఆ ఊరివైపు అద్దిన గుడ్డ మీద ఒక పేరు కావాలి," అంది లిడియా.

నాకు ఆశ పెట్టడం చేతకాదు. అమ్ముడుపోయినవాళ్ల పేర్లు మావైపు ఎవరూ రాసిపెట్టలేదు, దొరకదు, అని ముక్కుసూటిగా చెప్పేశాను. "తెలుసు. అయినా ఊరికే కూర్చోలేక వచ్చాను," అంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

బందరు రోడ్డు

ఈ రోడ్డు మీద నేను ఎన్ని వందలసార్లు తిరిగానో లెక్కలేదు. కానీ పక్కన కొత్తమనిషి ఉంటే మన కళ్లు కూడా కొత్తవైపోతాయి. కంకిపాడు దాటాక ఒకవైపు కాలువ, రెండువైపులా వరి. కోతకి ఇంకో మూడు వారాలుంటుంది. కంకులు అప్పుడే తలలు వంచుతున్నాయి. లిడియా కిటికీ అద్దం దించి ఆ వాసన పీల్చి పీల్చి తుమ్ములు తెచ్చుకుంది.

ఉయ్యూరులో చెరుకురసం తాగాం. గ్లాసు ఇరవై. అల్లం, నిమ్మకాయ వేసి తీసిస్తే ఆవిడ రెండు గ్లాసులు తాగి మూడోది చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. "ఈ తీపి కోసమే కదా అంతమందిని సముద్రం దాటించింది," అంది. నేను చెరుకు గురించి పాఠం చెప్పినప్పుడల్లా నల్లరేగడి, నీటి వసతి, ఫ్యాక్టరీలు అని చెప్పాను. దూరాన చెరుకు పండించిన చక్కెర దీవుల్లో దాన్ని ఎవరు నరికారో చెప్పలేదు. సిలబస్‌లో లేదు. అదొక వంక, అంతే.

రసం తీసే ఆయన లిడియాని ఎగాదిగా చూసి నన్నడిగాడు.

"మేడంగారు మనోళ్లేనాండీ? మనిషి చూస్తే మన దివిసీమవైపు మనిషిలాగే ఉన్నారు."

"కాదండీ, ఆఫ్రికా."

"ఏదైతేనేం. ఇంటిపేరేంటంట?"

నేను చెప్పలేక గ్లాసులు అందించేశాను.

పామర్రులో మెస్సులో భోజనం నూట ఇరవై. ఆకు నిండా కూరలు. లిడియా స్పూనడగలేదు, చేత్తోనే కలిపింది, కాకపోతే అన్నం వేళ్ల మధ్యనుంచి మోచేతి దాకా వచ్చేసింది. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కారం తగిలిందేమోనని మజ్జిగ దగ్గరికి జరిపాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాళ్లింట్లో మామిడికాయ ఊరగాయని అచార్ అంటారట, వాళ్లమ్మ పెడుతుందట. అక్కడి తెల్లవాళ్లు కూడా అదే మాటంటారట. "పేరు మిగల్లేదు కానీ ఊరగాయ మిగిలింది," అంది. వడ్డించేవాడు ఇంకో గరిటె వేసి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ కడుపు పట్టుకుని తిరిగింది, అది వేరే సంగతి.

బందరు

బందరులో తొక్కుడు లడ్డు కొనకుండా ఎవరైనా ఉంటారా? అరకిలో కట్టించి, ఇద్దరం తింటూ డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లాం. నల్లరాతి మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఫలానా వర్తకుడు, ఫలానా వర్తకుడి భార్య, వాళ్ల వంశాల గుర్తులు, పూలదండలు. లిడియాకి ఆ భాష కాస్త తెలుసు. ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్లి ఆఖరి రాయి దగ్గర నిలబడి, "కొన్నవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు," అంది. ఆ మాటకి నా చేతిలో లడ్డు చేతిలోనే ఉండిపోయింది. నిజమే మరి. వాళ్లకి రాళ్లున్నాయి. కరువు ఏళ్లలో ఈ తీరాన చేరిన మనుషుల్ని కొని ఓడలెక్కించారు, వాళ్లకి ఏమీ లేదు.

సాయంత్రం మంగినపూడి బీచికి పోయాం. అక్కడ నల్ల బురద ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. నేను లిడియాకి జాగ్రత్తలన్నీ చెప్పి, చెబుతూనే జారి చీరతో సహా కూర్చున్నాను. ఆవిడ లేపబోయి తనూ కూర్చుంది. బఠానీలమ్మే ఆవిడ వచ్చి ఇద్దరికీ తలో చెయ్యీ ఇచ్చి లేపి, బలవంతాన పొట్లాలు కొనిపించింది. ఇరవై రూపాయలు.

బఠానీలు తింటూ నేను నా పాండిత్యం బయటపెట్టాను. ఉప్పు సత్యాగ్రహంలో ఈ తీరాన ఉప్పు వండారు, జాతీయ జెండా గీసినాయన ఈ చుట్టుపక్కల పుట్టినవాడే, స్వాతంత్ర్యమంటే మా జిల్లాయే అన్నట్టు చెప్పుకొచ్చాను. ఫ్రెంచి విప్లవం కూడా లాక్కొచ్చాను. ఏటా పదిహేను మార్కుల ప్రశ్న చెప్పినదాన్ని కదా.

లిడియా అంతా విని అడిగింది. "మరి హైతీ గురించి చెప్పేదానివా?"

రెండు లైన్లు, అన్నాను. నిజానికి ఒకటే.

అప్పుడావిడ చెప్పింది. ఫ్రాన్సులో మనుషులందరూ స్వేచ్ఛగా పుట్టారు, అందరూ సమానమే అని రాసుకున్నారు. రాసినవాళ్లు తమ చక్కెర దీవిలో ఉన్న లక్షలాది బానిసల్ని మనసులో పెట్టుకుని రాయలేదు. కానీ మాటకి కాళ్లుంటాయి కదా, అది ఓడెక్కి దీవికి చేరింది. రేవులో మూటలు మోసేవాళ్లు విన్నారు, వంటింట్లోవాళ్లు విన్నారు. అందరూ అంటే మేమూనా, అని అడిగారు. కాదన్నారు. పదమూడేళ్లు కొట్లాడి సైన్యాల్ని తరిమేసి సొంత దేశం పెట్టుకున్నారు. "పెట్టుకున్న రోజున ఏం చేశారో తెలుసా? యజమానులు దీవికి పెట్టిన పేరు తీసేశారు. అంతకుముందు ఆ నేల మీద బతికినవాళ్లు పిలుచుకున్న పాత పేరు పెట్టారు. హైతీ. అందుకే మా అమ్మ ఖాళీ గుడ్డ పట్టుకుని నడుస్తుంది."

వింటుంటే నాకు మా ఇంట్లో కథ ఒకటి గుర్తొచ్చింది. మా ఇంట్లో ఏ పెళ్లైనా, ఏ పేరంటమైనా చెప్పుకుని నవ్వుకునే కథ. నోరూరుకోదు కదా, చెప్పేశాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక పంద్రాగస్టు. మా నాన్న ఊళ్లో బడి దగ్గర జెండా ఎగరేశారు. తాడు కట్టింది, జెండా మడతలో పూలు పెట్టింది మా పాలేరు. దానియేలు అతని పేరు, మేం దానిగాడనేవాళ్లం. మా నాన్న కంటే పెద్దవాడేమో, నేను కూడా ఒరేయ్ దానీ అనే పిలిచేదాన్ని. పెద్దవాన వస్తే నన్ను భుజాన వేసుకుని బడికి చేర్చేవాడు. ఆ రోజు ఇంటికొస్తూ అడిగాడు, సొతంత్రం అంటే ఏంది పాపా, అని. పుస్తకంలో ఉన్నది గడగడా అప్పజెప్పాను. ఒకరి కింద ఒకరు ఉండక్కర్లేదు, ఎవరి పని వాళ్లే ఎంచుకోవచ్చు, అని. వాడు తల గోక్కుని, "అయితే రేపట్నుంచి పనికి రానక్కర్లేదా పాపా?" అన్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్లందరూ పగలబడి నవ్వారు.

లిడియా నవ్వలేదు.

"ఆయన ఇంటిపేరేమిటి?" అంది.

బఠానీ గొంతుకి అడ్డం పడింది. దారిలో కనపడ్డ ప్రతివాణ్నీ ఇంటిపేరడిగే నాకు, పదేళ్లు మా ఇంట పనిచేసిన మనిషి ఇంటిపేరు తెలియదు. ముందు కోపమొచ్చింది. పాలేరుతనం వేరు, బానిసత్వం వేరు, ఉగాదికి ఉగాదికి ఏడాది మాట్లాడుకుని కుదిరేవాళ్లు, అమ్మేవాళ్లమూ కాదు కొనేవాళ్లమూ కాదు, అని వాదించాను. "వేరే. నేనేమీ అనలేదు. పేరడిగాను, అంతే," అంది లిడియా.

కార్లో తిరిగొస్తుంటే చీర మీద బురద ఎండి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది.

పెడన

గుడ్డ కోసం మర్నాడు పెడన వెళ్లాం. అక్కడి అద్దకం షెడ్డు వీరభద్రంగారిది. ఆయన టేకుచెక్క మీద అచ్చులు చెక్కుతారు, ఆయన భార్య నాగమణి బల్ల దగ్గర నిలబడి అద్దుతుంది. షెడ్డులోకి వెళ్లగానే కరక్కాయ వాసన, బెల్లం పులిసిన వాసన. గుడ్డని కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో తడిపి ఆరేసి ఉంచారు, లేత పసుపుగా ఉంది.

నాగమణి అచ్చుని పటికనీళ్లలో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. తీసి చూస్తే తడి తప్ప ఏమీ లేదు. ఆ తడి కూడా ఆరిపోయింది.

"రంగేదండీ?" అన్నాను.

"ఇప్పుడు కనపడదండీ. కాలవలో జాడించి, ఎర్రరంగు దిగే వేరుచెక్క వేసి రాగికాగులో ఉడకేస్తే అప్పుడు ఎర్రగా లేస్తది. పటిక పడ్డకాడే పట్టుకుంటది. మాకు అలవాటు, గుడ్డినమ్మకంతో అద్దుకుంటా పోవడమే."

లిడియా ఆవిడ చేతులకేసి చూస్తూ, ఆ కాలపు వర్తకులు ఈ తీరం గుడ్డని ఓడల్లో ఆఫ్రికాకి తీసుకెళ్లి, దానికి బదులు మనుషుల్ని తీసుకున్నారని వాళ్లకి చెప్పమంది. నాకు నోరు రాలేదు. ఎంతైనా ఆతిథ్యం ఇచ్చినవాళ్లు. కానీ ఆవిడ చెప్పమంటే చెప్పాను.

వీరభద్రంగారు ఉలి కింద పెట్టారు. "మా తాతలకి ఆ సంగతి తెలిసుండదమ్మా. తెలిస్తే అద్దేవాళ్లా?" మళ్లీ తనే అన్నారు. "ఏమో, అద్దేవాళ్లేనేమో. కాగు పొయ్యి మీదుంటే గుడ్డ ఎక్కడికి పోతుందని ఎవరడుగుతారు? చెప్పినందుకు మంచిదయింది. ఈవిడ గుడ్డ మాత్రం మా చేత్తో మంచిగా చేసి పంపుతాం. ఏం చెక్కమంటారు?"

ఆ ప్రశ్నకే మా దగ్గర సమాధానం లేదు. రోసా అని చెక్కమంటే ఆయన సాయంత్రానికల్లా చెక్కేస్తారు. ఎల్లుండి శనివారం కాగు పెడతారు, అది తప్పితే మళ్లీ వారం దాకా లేదు. లిడియా ప్రయాణం ఆదివారం.

"రేపు పొద్దున్నకి మాట చెప్పండి. లేకపోతే తీగలూ పూలూ వేసి ఖాళీగా ఇచ్చేస్తాను," అన్నారాయన.

ఖాళీగా అన్న మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. లిడియాకి చెప్పకుండానే తెలిసింది. బయటికొచ్చి కాలువగట్టు మీద కూర్చుంది. అరవయ్యేళ్ల మనిషి చిన్నపిల్లలా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, "అమ్మకి ఏం చెప్పను?" అంది. నాకు ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి, ఇక్కణ్నుంచి మా ఊరు ఎనిమిది కిలోమీటర్లు, పద, అన్నాను. నాకూ ఒక పేరు కనుక్కోవలసిన పనుంది కదా.

మా ఊరు

మా ఊరి పేరు రాయను. మా అన్నయ్య ఇది చదువుతాడు.

దానియేలు పోయి చాలా ఏళ్లయింది. కూతురు మార్తమ్మ ఊళ్లోనే ఉందని తెలుసు. నా ఈడుదే. అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయింది. ఇన్నిసార్లు ఊరెళ్లాను కానీ వాళ్ల పేటవైపు తిరిగి చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి ఆ సందులోకి వెళ్లడం, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

మార్తమ్మది రెండు గదుల స్లాబు ఇల్లు. గుమ్మం ముందు బంతిపూలు. నన్ను చూసి గుర్తుపట్టింది.

"సుశీలమ్మగారు కదండీ? రండి రండి. లోపలికొస్తారా?"

ఆ ఆఖరి ప్రశ్న నాకు చురుక్కుమంది. లోపలికి వెళ్లి మంచం మీద కూర్చున్నాం. టీ ఇచ్చింది, జంతికలు పెట్టింది. లిడియాని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. ఎవరు, ఏమిటి అని ఏమీ అడగలేదు. ఇంటిపేరు అసలే అడగలేదు.

నేనే అడగాల్సి వచ్చింది. "మార్తమ్మగారూ, మీ నాన్నగారి ఇంటిపేరేమిటండీ?"

టీ గ్లాసు దించి నన్నే చూసింది. "కొక్కిలిగడ్డ. కొక్కిలిగడ్డ దానియేలు." తరవాత మెల్లగా అంది. "యాభయ్యేళ్లు దాటిందండీ. మీ ఇంట్లో మొదటిసారి అడిగింది మీరే."

నా తప్పే, అన్నాను. మళ్లీ ఆ జెండా పండగ కథ ఎత్తుకున్నాను, ఈసారి నవ్వకుండా. దానియేలు అడిగిన మాట దాకా చెప్పి, అందరూ నవ్వారని చెప్పి, తల దించుకున్నాను.

"ఆ సంగతి నాకూ తెలుసు," అంది మార్తమ్మ. "మా నాన్న ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాడు. చిన్నపాపగారు పుస్తకం చదివి చెప్పింది, ఎవరి పని వాళ్లే ఎంచుకోవచ్చంట, పుస్తకంలో రాసుందంట, అని. మా అమ్మ భయపడింది. ఆ ఏడాదికి మాటిచ్చాడు కాబట్టి ఉగాది దాకా చేశాడు. ఉగాదినాడు మీ ఇంటికి రాలేదు. బందరు పోయి రిక్షా తొక్కాడు. నన్ను ఆ రిక్షాలోనే బడికి తీసకపోయేవాడు. ఎవరన్నా ఎందుకు మానేశావురా అంటే, పాపగారు చెప్పింది, అనేవాడు. మీరు నాకు అట్టాగే తెలుసండీ."

నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. మా ఇంట్లో ఆ ఉగాది కథ ఇంకోలా చెప్పుకుంటారు. దానిగాడికి విశ్వాసం లేదు, తిన్నింటికి చెప్పకుండా పోయాడు, అని. ఆ రెండు కథలూ ఒకటేనని నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను చిలకలా అప్పజెప్పిన మాటని ఒక మనిషి నిజమని నమ్మి బతుకు మార్చుకున్నాడు!

ఇదంతా లిడియాకి చెబితే, ఆవిడ నా వీపు నిమురుతూ, "చూశావా, ఆ మాట ఇక్కడికీ వచ్చింది," అంది.

అప్పుడు మార్తమ్మ అడిగింది, ఈవిడ సంగతేంటని. చెప్పాను. ఓడ, జాబితా, గుర్రం కింద రాసిన రోసా, పెద్దావిడ ఖాళీ గుడ్డ, రేపు పొద్దున్నకి కావలసిన మాట. మార్తమ్మ విని విని లేచి నిలబడింది.

"కరువులో అమ్ముడుపోయినోళ్లెవరమ్మా? మా బోటోళ్లే కదా. మా ఇంటిపేరు రాసుకోండి."

లిడియా కంగారుపడింది. మీవాళ్లో కాదో తెలియకుండా నేనెలా తీసుకోను, అబద్ధమవుతుంది కదా, అంది. నేను ఆ మాటే తెలుగులో చెప్పాను.

మార్తమ్మకి కోపమొచ్చింది. "మావోళ్లు కాదని ఎవరు చెప్తారు? కొన్నోడు పెట్టింది మూడొందలేళ్లు మోశారు. మేం ఇస్తంటే తీసుకోడానికేం? అబద్ధమంటే వాడు రాసింది అబద్ధం. నేను పిలిచి ఇస్తన్నా. ఇది నిజం."

నేను దాన్ని ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. అక్కర్లేకపోయింది. లిడియా లేచి ఆవిడ భుజం మీద తల పెట్టేసుకుంది. ఇద్దరూ అలాగే నిలబడి ఊగారు. నేను ఏం చేయాలో తోచక జంతికలన్నీ తినేశాను.

మళ్లీ పెడన

మర్నాడు పొద్దున్నే వీరభద్రంగారు పేరు కాగితం మీద రాసుకున్నారు. నేను చూసి, "అక్షరాలన్నీ తిరగేసి రాశారేంటండీ," అని టీచరు గొంతుతో గదమాయించాను. ఆయన ఒక అచ్చు తీసి, నా అరచేతి మీద రంగు ముద్ర వేసి చూపించారు. తిరగేసి చెక్కితేనే తిన్నగా పడుతుంది మరి. నాగమణి నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది.

శనివారం మార్తమ్మ కూడా వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో జంతికల డబ్బాతో. నా మీద నమ్మకం లేక డబ్బా లిడియా చేతికే ఇచ్చింది.

అద్ది ఆరేసిన గుడ్డని కాలువలో జాడించారు. మొలలోతు నీళ్లలో దిగి, పారే నీటికి గుడ్డ వదిలి, మళ్లీ లాగి. నల్లరంగుకి కాగు అక్కర్లేదు గనక చుట్టూ తీగలు, నల్లపూలు అప్పుడే కనిపిస్తున్నాయి. మధ్యలో మాత్రం ఏమీ లేదు, ఉత్త లేతపసుపు గుడ్డ. లిడియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పటిక పట్టకపోతే? కాలువలో కొట్టుకుపోతే? నాగమణి పుల్లతో గుడ్డని కాగులో తిప్పుతూ ఉంది. ఆవిరికి కళ్లు మండిపోతున్నాయి. ఎవరూ పక్కకి జరగలేదు.

ముందు గులాబీరంగు మరక లాంటిది లేచింది. తరవాత ఒక తలకట్టు. తరవాత గుడి లాంటి గీత. పుల్లతో ఇంకోసారి ఎత్తేసరికి ఎర్రగా, తిన్నగా, మొత్తం పేరు. కొక్కిలిగడ్డ. కింద ఇంగ్లీషులో అదే పేరు, దాని కింద బందరు.

మార్తమ్మ వేలు పెట్టి తాకబోతే నాగమణి, కాలుద్దమ్మా, అని చెయ్యి లాగేసింది. "మా నాన్న పేరు రిక్షా మీద కూడా రాయించుకోలేదండీ. రాయించుకుందామంటే ఎందుకులే అనేవాడు," అంది మార్తమ్మ. కళ్లు తుడుచుకుని వీరభద్రంగారి వైపు తిరిగింది. "అచ్చు ఉంది కదండీ, ఇంకోటి అద్దండి. మా గుమ్మానికి."

ఆయన రెండోదానికి ఏమీ తీసుకోలేదు. ఎంత చెప్పినా వినలేదు.

పటమట, మళ్లీ

డిసెంబరు రెండున వీడియో వచ్చింది. ఎండలో వీధి నిండా జనం, డప్పుల్లాంటివి మోగుతున్నాయి. చక్రాల కుర్చీలో కూర్చుంటుందనుకున్న పెద్దావిడ కుర్చీని పక్కకి నెట్టి, లిడియా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. గుడ్డ ముందుంది. పక్కింటి ఫిబ్రవరి వాళ్లు, ఏప్రిల్ వాళ్లు ఆ పేరెలా పలకాలని అడుగుతుంటే లిడియా కొక్కిలిగడ్డ, కొక్కిలిగడ్డ అని ముక్కలు ముక్కలుగా చెబుతోంది. ఒక్కడికీ సరిగ్గా రాలేదు. అందరూ తప్పుగానే, గట్టిగా అరుస్తూ నడిచారు.

దాన్ని వెంటనే మార్తమ్మకి పంపాను. పది నిమిషాలకి ఫోన్ చేసి, ఎనిమిదిసార్లు చూశాను, ఛార్జింగ్ అయిపోతోంది, అని పెట్టేసింది.

మొన్న మా చిన్నాడపడుచు మనవరాలి పుట్టినరోజుకి చుట్టాలందరూ చేరారు. అలవాటు ప్రకారం ఎవరో నన్నే అడిగారు, ఆ జెండా పండగ కథ చెప్పు సుశీలా అని. చెప్పాను. "అయితే రేపట్నుంచి పనికి రానక్కర్లేదా పాపా" దగ్గరికి రాగానే మావారితో సహా అందరూ నవ్వారు. ఇన్నేళ్లూ నేనూ అక్కడే ఆపేసేదాన్ని.

"ఆగండి," అన్నాను. "కథ ఇంకా అయిపోలేదు. కొక్కిలిగడ్డ దానియేలుగారు ఉగాదినాడు మా ఇంటికి రాలేదు."